మా బత్తాయి తోట, 6 కిలోమీటర్ల గీత: ఆదాయపు పన్ను ట్రిబ్యునల్‌లో నా అనుభవం

నల్లగొండ జిల్లా కనగల్ మండలంలోని మా ఊళ్లో, నాన్న నుంచి నాకు సంక్రమించిన 4 ఎకరాల 12 గుంటల భూమిని 2015 నవంబరులో 38 లక్షల 70 వేల రూపాయలకు అమ్మాను. అందులో మూడెకరాలు బత్తాయి తోట, మిగిలినది చల్కా (ఎర్ర ఇసుక నేల). ఆ అమ్మకంపై పన్ను కట్టాలంటూ 2021 మార్చిలో నాకు నోటీసు వచ్చింది. ఆ వివాదం 2025 జనవరిలో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచి ఇచ్చిన ఉత్తర్వుతో తేలింది. నడుమ గడిచిన నాలుగేళ్లలో నేను తెలుసుకున్నది, చేసిన తప్పులు, నా కాగితాలు ఎక్కడ చదవబడ్డాయి, ఎక్కడ చదవబడలేదు అన్నది వరుసగా చెబుతాను. మన వైపు భూములు అమ్ముకున్న ఉద్యోగులు, రైతులు చాలామంది ఇలాంటి నోటీసులు పట్టుకుని తిరగడం చూశాను కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి 2019లో పదవీ విరమణ చేశాను. తోట నాన్న పెట్టినది. 300 పైచిలుకు చెట్లు ఉండేవి. 2014 వేసవి నుంచే బోరు సన్నబడింది, మరో రెండు బోర్లు వేయిస్తే రెండూ దుమ్మే పోశాయి. 2015లో వానలు లేక సగం చెట్లు నిలువునా ఎండాయి. మిగిలిన చెట్ల కాయ కోసి, అప్పులు లెక్క చూసుకుని, భూమి అమ్మడం తప్ప దారి లేదని నిర్ణయించుకున్నాము. డబ్బంతా బ్యాంకు డీడీల ద్వారానే వచ్చింది. దానిలో కొంత పెట్టి 2017 జూన్‌లో సాగర్ ఎడమ కాలువ కింద త్రిపురారం మండలంలో 2 ఎకరాల 10 గుంటలు నా భార్య పేరిట కొన్నాము.

ఊళ్లో వ్యవసాయ భూమి అమ్మితే పన్ను ఉండదని అందరిలాగే నేనూ విన్నాను. అది చాలావరకు నిజమే గాని, ఆ మాట వెనుక ఉన్న షరతులు ఏమిటో అప్పుడు చదవలేదు. ఆ ఏడాది నా రిటర్ను ఎప్పటిలాగే ఒక పన్ను ప్రాక్టీషనరు దాఖలు చేశారు. జీతం వంటి సాదా ఆదాయాలకు వాడే సహజ్ ఫారంలో వేశారు. వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటినవారు ఆ ఫారం వాడకూడదు. భూమి అమ్మకం సంగతి గాని, బత్తాయి అమ్మి బ్యాంకులో వేసిన 3 లక్షల 85 వేల నగదు సంగతి గాని అందులో ఎక్కడా లేదు. దాచాలని చేసింది కాకపోయినా, చూపకపోవడం నా పొరపాటే. తర్వాత జరిగిన దానికి తలుపు తెరిచింది కూడా అదే.

పాత ఏడాది లెక్కను తిరిగి తెరిచే సెక్షన్ 148 కింద నోటీసు వచ్చాక, విచారణ అంతా పోర్టల్ ద్వారానే నడిచింది. అధికారి ఏ ఊళ్లో ఉంటారో, ఆయనకు తెలుగు వస్తుందో రాదో మనకు తెలియదు. నేను రిజిస్టర్డ్ దస్తావేజు, మూడేళ్ల పహాణీ (భూమి, పంట వివరాలు రాసే రెవెన్యూ రికార్డు) నకళ్లు, తహసీల్దారు ఇచ్చిన ఒక ధ్రువపత్రం జతచేసి పంపాను. అన్నీ తెలుగులో ఉన్నవే. తహసీల్దారు కాగితంలో "సదరు భూమి నల్లగొండ మున్సిపాలిటీకి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నది" అని ఒకే వాక్యం ఉంది. 2022 మార్చి నెలాఖరులో వచ్చిన ఉత్తర్వు చదివినప్పుడు నాకు మొదట అర్థం కాలేదు. ఆస్తి నల్లగొండలో ఉన్నదని, నల్లగొండ లక్షకు పైగా జనాభా ఉన్న మున్సిపాలిటీ అని, కాబట్టి ఆ భూమి మూలధన ఆస్తి, అంటే అమ్మితే లాభంపై పన్ను పడే ఆస్తి అని, జతచేసినవి ప్రాంతీయ భాషలో ఉన్నందున పరిశీలించడం సాధ్యం కాలేదని, దూరం గగనమార్గాన కొలిచినట్లు ధ్రువపత్రంలో లేదని రాశారు. భూమి విలువ 38 లక్షల 70 వేలూ మూలధన లాభంగానే లెక్కించారు. బ్యాంకులో వేసిన నగదును సెక్షన్ 69ఎ కింద వివరణ లేని సొమ్ముగా కలిపారు. నా జీతంతో కలిసి మొత్తం ఆదాయం 48 లక్షల 15 వేలయింది. పన్ను, ఆరేళ్ల వడ్డీ కలిపి 15 లక్షల పైచిలుకు కట్టాలని డిమాండు వచ్చింది.

"నల్లగొండ" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. మా దస్తావేజు నల్లగొండ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరయింది. ఆ కార్యాలయం నుంచి పన్ను శాఖకు వెళ్లిన సమాచారంలో ఊరి పేరు చోట కూడా నల్లగొండ అనే ఉంది. జిల్లా పేరు, పట్టణం పేరు, రిజిస్ట్రేషను కార్యాలయం పేరు మూడూ ఒకటే కావడం వల్ల, కనగల్ మండలంలోని బత్తాయి తోట కాగితం మీద పట్టణం నడిబొడ్డుకు చేరింది. మహబూబ్‌నగర్‌లో గాని వనపర్తిలో గాని అమ్మినవారికి కూడా ఇదే చిక్కు రావచ్చు, ఎందుకంటే అక్కడా జిల్లాకూ పట్టణానికీ పేరు ఒకటే.

ఇక్కడ చట్టం చెప్పేది కాస్త నిదానంగా చెప్పుకోవాలి. నా కేసుకు వర్తించిన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 2(14) ప్రకారం పల్లెలోని వ్యవసాయ భూమి అసలు మూలధన ఆస్తే కాదు, కాబట్టి దాని అమ్మకంపై మూలధన లాభం అన్న ప్రశ్నే పుట్టదు. 10 వేలకు తగ్గని జనాభా ఉన్న మున్సిపాలిటీ పరిధి లోపల ఉన్న భూమికి ఈ రక్షణ లేదు. పరిధి బయట ఉన్నా, ఆ మున్సిపాలిటీ జనాభా 10 వేలకు పైన, లక్ష లోపు అయితే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్ల వరకు, లక్షకు పైన, 10 లక్షల లోపు అయితే 6 కిలోమీటర్ల వరకు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల వరకు రక్షణ ఉండదు. 2013 ఆర్థిక చట్టం ద్వారా వచ్చిన మార్పు తర్వాత ఈ దూరాన్ని బాట వెంబడి కాకుండా గగనమార్గాన, అంటే పటం మీద తిన్నగా గీత గీసినట్లు కొలవాలి. జనాభాను అంతకుముందు ప్రచురితమైన జనగణన నుంచి తీసుకోవాలి. 2011 లెక్కల ప్రకారం నల్లగొండ లక్ష దాటిన పట్టణం. అంటే నా విషయంలో తేలాల్సిన ప్రశ్న ఒక్కటే. మున్సిపాలిటీ హద్దు నుంచి మా తోటకు తిన్నని గీత మీద 6 కిలోమీటర్లు దాటుతుందా, దాటదా? కొలవాల్సింది గడియారం సెంటరు నుంచి కాదు, బస్టాండు నుంచీ కాదు, మున్సిపాలిటీ హద్దు నుంచి. ఈ తేడా మా ధ్రువపత్రం రాసిన గుమస్తాకూ తెలియదు, దాన్ని జతచేసిన నాకూ తెలియదు.

మొదటి అప్పీలు 2022 ఏప్రిల్‌లో వెయ్యి రూపాయల రుసుముతో ఫారం 35లో వేశాము. డిమాండులో 20 శాతం కడితే మిగతా వసూలు ఆపుతారని చెప్పడంతో, 3 లక్షల 15 వేలు మూడు వాయిదాల్లో కట్టాను. పదవీ విరమణ సొమ్ములోంచి తీసిన ఆ డబ్బు ఏనాటికి తిరిగొస్తుందో అన్న బెంగ ఇంట్లో చాలాకాలం ఉండేది. అప్పీలు వేశాక నాకు ఒక్క కబురూ రాలేదు. రెండేళ్లు గడిచినా, విచారణకు ఇంకా వంతు రాలేదేమో అనుకున్నాను.

2024 జూన్‌లో బకాయి వెంటనే కట్టాలని పోస్టులో ఉత్తరం వచ్చింది. పోర్టల్ తెరిపించి చూస్తే, మా అప్పీలును 2024 ఫిబ్రవరి 12న కొట్టేశారు. నాలుగు నోటీసులు పంపినా అప్పీలుదారు స్పందించలేదని, అప్పీలు కొనసాగించే ఆసక్తి ఆయనకు లేదని రాసి, అసెస్‌మెంటు ఉత్తర్వును ఖాయం చేశారు. నోటీసులన్నీ ఫారం 35లో ప్రాక్టీషనరు రాసిన తన సొంత ఈమెయిల్‌కు వెళ్లాయి. ఆయన అప్పటికే ఆ పని మానుకుని పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ ఉత్తర్వులో మా తోట గురించి గాని, పహాణీ గురించి గాని, 10 కిలోమీటర్ల ధ్రువపత్రం గురించి గాని ఒక్క వాక్యం లేదు. ఆ రోజు నాకు బాధ కలిగించింది ఓడిపోవడం కాదు. రెండు అంచెలు దాటినా మా కాగితం ఒక్కటీ ఎవరూ చదవలేదన్నది.

ఒక సహోద్యోగి ద్వారా హైదరాబాదులో ఒక సీఏ గారిని కలిశాను. ఆయన నా ఫైలు మొత్తం గంటన్నర చదివి, అప్పుడు నోరు విప్పారు. మొదటి అప్పీలు అధికారి కక్షిదారు రాకపోయినా సరే, తేల్చాల్సిన అంశాలేమిటో, ఒక్కో అంశంపై నిర్ణయమేమిటో, దానికి కారణమేమిటో రాయాలని సెక్షన్ 250(6) చెబుతుందని, ఆ ఒక్క లోపంతోనే ట్రిబ్యునల్‌లో ఉత్తర్వు రద్దవుతుందని చెప్పారు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "మాస్టారూ, మళ్లీ వినమని కింది అధికారికి తిప్పి పంపితే చాలా, లేక ట్రిబ్యునలే తేల్చాలంటారా? తిప్పి పంపడం తేలిక, అడిగితే ఇస్తారు. కానీ మీరు మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడతారు. అక్కడే తేలాలంటే మాత్రం ప్రతి విషయానికీ కాగితం బల్ల మీద ఉండాలి."

నిజానిజాలు తేల్చే చివరి వేదిక ట్రిబ్యునలేనని, ఆపైన హైకోర్టుకు వెళ్లాలంటే ముఖ్యమైన న్యాయప్రశ్న ఏదైనా ఉండాలని ఆయన వివరించారు. మా తోట ఎక్కడుంది, దానిలో ఏం పండింది అన్నవి రెండూ నిజానిజాల ప్రశ్నలే. నేను తేల్చమనే అడుగుదామన్నాను.

గడువు అప్పటికే దాటింది. అప్పటి నియమం ప్రకారం ఉత్తర్వు అందిన 60 రోజుల్లో, అంటే ఏప్రిల్ 12 నాటికి వేయాల్సిన అప్పీలును మేము జులై 17న వేశాము. 96 రోజుల ఆలస్యం. సెక్షన్ 253(5) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టి, నోటీసులు ఎవరి ఈమెయిల్‌కు వెళ్లాయో, ఉత్తర్వు సంగతి నాకు ఏ తేదీన తెలిసిందో, అప్పటి నుంచి ఏ రోజు ఏం చేశానో నోటరీ చేయించిన ప్రమాణపత్రంలో తేదీలతో రాశాను. పాత ప్రాక్టీషనరు గారిని వెతికి పట్టుకుంటే, ఆయన పెద్దమనసుతో తన తప్పు ఒప్పుకుంటూ మరో ప్రమాణపత్రం ఇచ్చారు. ఆయన మీద నాకు కోపం లేకపోలేదు గాని, ఆ కాగితం ఇచ్చినందుకు కృతజ్ఞత అంతకన్నా ఎక్కువ. 1987లో సుప్రీంకోర్టు కాతిజీ కేసులో ఆలస్యాన్ని ఉదారంగా చూడాలని చెప్పిన తీర్పును సీఏ గారు దరఖాస్తులో ఉదహరించారు. అప్పీలు రుసుము ఆదాయంలో 1 శాతం, గరిష్ఠంగా 10 వేలు. మాకు 10 వేలే పడింది. ఫారం 36 ట్రిబ్యునల్ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో దాఖలైంది. ఈసారి అందులో రాసిన ఈమెయిల్, ఫోను నంబరు రెండూ నావే.

తర్వాత కాగితాల పని మొదలైంది. ముందుగా దూరం. తహసీల్దారు కార్యాలయంలో కొత్త దరఖాస్తు ఇచ్చి, "మున్సిపాలిటీ హద్దు నుంచి గగనమార్గాన" అన్న మాటలు ఉండేలా ధ్రువపత్రం కావాలని రాతపూర్వకంగా కోరాను. అమ్మిన నాడు ఉన్న హద్దు ఏదో చెప్పమని మున్సిపల్ కమిషనరు గారికి మరో దరఖాస్తు పెట్టాను. మండల సర్వేయరు యువకుడు. మున్సిపాలిటీ హద్దు పడే చోట రోడ్డు పక్కన బండి ఆపి, చేతిలోని జీపీఎస్ యంత్రంలో అక్షాంశ రేఖాంశాలు రాసుకున్నాడు. అక్కడి నుంచి మా పాత తోటకు వెళ్లాము. చెట్లు ఒక్కటీ లేవు. కొన్నవారు దున్నించి పత్తి వేశారు. పాత మోటరు గది గోడలు మాత్రం నిలిచి ఉన్నాయి. సర్వేయరు ఆ గోడ దగ్గర నిలబడి రెండోసారి కొలత తీసుకుని, "సార్, బాటెంబడి వస్తే పది కిలోమీటర్లకు దగ్గర వడతది, గీత గీస్తె ఏడున్నర గూడ లేదు, 7.4 వస్తున్నది" అన్నాడు. నాకు ఊపిరి ఆడింది. ఆరు దాటితే చాలు. ఆలోచించి చూస్తే, పాత కాగితంలోని 10 కిలోమీటర్లు అబద్ధం కాదు, బాట కొలత. మా తోట ఇంకో రెండు కిలోమీటర్లు ఇటువైపు ఉండి ఉంటే, బాట వెంబడి ఎనిమిది వస్తుందన్న ధీమాతో ఉండి గీత మీద ఓడిపోయేవాడిని.

పహాణీల అనువాదం మరో పని. ట్రిబ్యునల్‌లో తెలుగు కాగితం ఏది పెట్టినా ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. సీఏ గారి కార్యాలయంలో ఒక కుర్రవాడు చేసిన మొదటి అనువాదంలో "ఖుష్కి" అన్నచోట బంజరు అనే అర్థం వచ్చే మాట పడింది. ఖుష్కి అంటే వానాధార మెట్ట, సాగు లేని భూమి కాదు. ఆ ఒక్క మాటతో మన కేసు మనమే పోగొట్టుకునేవాళ్లం. "అనుభవదారు" అన్న గడిలో నా పేరు ఉండగా, దాన్ని అనుభవం గల వ్యక్తి అన్నట్లు రాశారు. నిజానికి అది భూమి ఎవరి స్వాధీనంలో ఉండి ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే గడి. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నేను ఆ సాయంత్రం వారితో కూర్చుని ఒక్కో గడి తిరగరాయించాను. 2012-13, 2013-14, 2014-15 మూడు పహాణీల్లోనూ పంట గడిలో "బత్తాయి" అని స్పష్టంగా ఉంది. మా ఊరి వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) చేతిరాతలో పడిన ఆ మూడక్షరాలే సాగు జరిగిందనడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం.

సాగు సంగతి ఎందుకింత ముఖ్యమో చదివాక తెలిసింది. భూమి పల్లెలో ఉంటే చాలదు, అది నిజంగా వ్యవసాయ భూమి అయి ఉండాలి. మన హైదరాబాదు బేగంపేట ప్యాలెస్ ఆవరణలోని పైగా ఎస్టేటు ఖాళీ భూమి విషయంలో, సాగుకు పనికివచ్చే నేల అయినంత మాత్రాన అది వ్యవసాయ భూమి కాదని, సాగుతో దానికి నిజమైన సంబంధం ఉండాలని 1976లో సుప్రీంకోర్టు సంపద పన్ను కేసులో చెప్పింది. 1993లో శరీఫాబీబీ కేసులో, రెవెన్యూ రికార్డు, సాగు చరిత్ర, అమ్మిన ధర తీరు వంటి పలు అంశాలను కలిపి తూచాలని చెప్పింది. మా భూమి ఎకరాల లెక్కన అమ్ముడయింది, గజాల లెక్కన కాదు. నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) జరగలేదు. ఇవి కూడా ఒక పేజీలో రాసి పెట్టాము.

నగదు విషయంలో మాత్రం నా చేతిలో పూర్తి ఆధారాలు లేవు. కొత్తపేట పండ్ల మార్కెట్టులో బత్తాయి అమ్మినప్పుడు కమీషను ఏజెంటు ఇచ్చిన తక్‌పట్టీలు నా భార్య ఒక బిస్కెట్ డబ్బాలో దాచింది. సిరా వెలిసిపోయిన చీటీలు, లారీ కిరాయి, హమాలీ, కమీషను మినహాయించి చివర చేతికొచ్చిన మొత్తం రాసి ఉన్నవి. అన్నీ కూడితే 2 లక్షల 46 వేలు తేలాయి. మిగిలిన 1 లక్షా 39 వేలు ఊళ్లోనే విడిగా కొన్నవారి దగ్గర చీటీ లేకుండా తీసుకున్నవి. వాటికి కాగితం లేదు, లేనిదాన్ని పుట్టించే ఆలోచనా చేయలేదు. భూమి దున్ని, మొక్క పెట్టి పెంచిన శ్రమ నుంచి వచ్చినదే వ్యవసాయ ఆదాయమని 1957లో రాజా బెనోయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మనకు వర్తిస్తుందని, అయినా చీటీ లేని మొత్తంపై బెంచి ఏమంటుందో చెప్పలేమని సీఏ గారు ముందే హెచ్చరించారు.

ట్రిబ్యునల్ ముందు పెట్టే కాగితాల సంపుటి, అంటే పేపర్ బుక్, 64 పేజీలయింది. ఏ పేజీలోని కాగితం కింది అధికారుల ముందు ఉన్నదో, ఏది ఇప్పుడు కొత్తగా పెడుతున్నదో విడిగా గుర్తించాలి. కొత్త ధ్రువపత్రానికి ట్రిబ్యునల్ నియమం 29 కింద అదనపు సాక్ష్యంగా స్వీకరించమని దరఖాస్తు పెట్టాము. ఒకవేళ దూరం విషయంలో ఓడినా, త్రిపురారంలో కొన్న భూమికి, సాగు భూమి అమ్మి మళ్లీ సాగు భూమి కొన్నవారికి ఉండే సెక్షన్ 54బి మినహాయింపు ఇవ్వమని ప్రత్యామ్నాయంగా అడిగాము. భార్య పేరిట కొంటే ఆ మినహాయింపు వస్తుందా అన్నదానిపై హైకోర్టుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఇళ్లకు సంబంధించిన సెక్షన్ 54లో "అసెసీ" (పన్ను కట్టవలసిన వ్యక్తి) అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీర్ గులాం అలీ ఖాన్ కేసులో అన్నది మాకు కొంత ఆసరా.

2024 అక్టోబరులో మొదటి వాయిదా. నల్లగొండలో తెల్లవారుజామున బస్సెక్కి సికింద్రాబాదు కవాడిగూడలోని సీజీవో టవర్స్‌కు చేరుకున్నాను. అసెస్ చేసిన ఆదాయం 50 లక్షలు మించనందున మా కేసు ఏకసభ్య బెంచి ముందుకు వచ్చింది. 1941 నుంచి నడుస్తున్న ఈ ట్రిబ్యునల్ ఆర్థిక శాఖ కింద కాకుండా న్యాయశాఖ కింద ఉంటుందన్నది నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు. తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది. ఆలస్యం దరఖాస్తుపై శాఖ తరఫు ప్రతినిధి అభ్యంతరం చెప్పారు. సభ్యులు గారు రెండు ప్రమాణపత్రాలూ చదివి, తేదీలు సరిపోల్చుకుని, ఆలస్యాన్ని మన్నించారు. ఆపైన అసలు విషయంలోకి వచ్చి, భూమి నల్లగొండ పట్టణంలో ఉన్నదనడానికి ఆ పేరు తప్ప మరేదైనా ఆధారం ఉందా అని శాఖ ప్రతినిధిని అడిగారు. ఆయన ఫైలు తిరగేసి, కొత్త ధ్రువపత్రాన్ని పరిశీలించడానికి తమకు అవకాశం ఇవ్వాలని, కేసును అసెస్‌మెంటు అధికారికి తిప్పి పంపాలని కోరారు. మా సీఏ గారు లేచి, పరిశీలించడానికి మాకు అభ్యంతరం లేదని, కాకపోతే అది అప్పీలు ఇక్కడ ఉండగానే జరగాలని విన్నవించారు. సభ్యులు గారు ఒక క్షణం ఆలోచించి, ఆరు వారాల్లో స్థానిక అధికారి నుంచి దూరంపై నివేదిక తెప్పించమని చెప్పి వాయిదా వేశారు. మొత్తం పావుగంట కూడా పట్టలేదు. కేసు మలుపు తిరిగింది మాత్రం ఆ పావుగంటలోనే.

నవంబరులో నల్లగొండ వార్డు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నేను, సర్వేయరు వెంట వెళ్లాము. ఆయన మా లెక్క నమ్మకుండా హద్దు దగ్గర, మోటరు గది గోడ దగ్గర తనంతట తాను కొలతలు తీసుకున్నారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. పక్క చేను రైతును పిలిచి, ఇక్కడ పదేళ్ల కింద ఏముండేదని అడిగారు. "సారు వాళ్ల నాయిన పెట్టిన బత్తాయి తోట ఉండె, నీళ్లు లేక ఎండిపాయె" అని ఆయన చెప్పింది రాసుకుని సంతకం తీసుకున్నారు. మా వ్యవహారంలో ఒక అధికారి ఆ మట్టి మీద కాలుపెట్టడం అదే మొదటిసారి.

డిసెంబరు వాయిదాలో ఆ నివేదిక బెంచి ముందు ఉంది. దూరం 7 కిలోమీటర్లకు పైనే అని శాఖ నివేదికే చెప్పింది. కొన్నవారు వ్యాపారులని, ఎకరానికి 9 లక్షల ధర వ్యవసాయానికి ఎక్కువని శాఖ ప్రతినిధి వాదించారు. కొన్నవారు తర్వాత ఏం చేస్తారన్నది అమ్మినవాడి భూమి స్వభావాన్ని మార్చదని, పైగా ఇవాళ అక్కడ పత్తి ఉన్నదని తమ నివేదికలోనే రాశారని మా సీఏ గారు చూపించారు. నగదుపై సభ్యులు గారు తక్‌పట్టీల పేజీలు ఒక్కొక్కటే తిప్పి, సగం చెట్లు ఎండాయంటున్నారు కదా, ఇంత కాయ ఎక్కడిదని అడిగారు. చెట్టుకు వచ్చే దిగుబడి, మిగిలిన చెట్ల సంఖ్య, చీటీల్లోని బరువు నేనే లేచి చెప్పాను. అనుమతిస్తారో లేదోనని సంకోచించాను గాని, ఆయన శ్రద్ధగా విని రాసుకున్నారు.

ఉత్తర్వు 2025 జనవరిలో వెలువడింది. 11 పేజీలు. భూమి మున్సిపాలిటీ హద్దు నుంచి గగనమార్గాన 6 కిలోమీటర్లకు బయట ఉన్నదని ఉభయపక్షాల కొలతలతో రుజువైనందున, సాగు పహాణీల ద్వారా రుజువైనందున, అది మూలధన ఆస్తి కాదని తేల్చి 38 లక్షల 70 వేలు తొలగించారు. 54బి ప్రశ్నలోకి వెళ్లే అవసరం లేదన్నారు. నగదులో తక్‌పట్టీలు ఉన్న 2 లక్షల 46 వేలను వ్యవసాయ ఆదాయంగా ఒప్పుకుని, దానికి పన్ను లేకపోయినా మిగతా ఆదాయంపై పన్ను రేటు లెక్కకు కలపాలని ఆదేశించారు. ఆధారం లేని 1 లక్షా 39 వేలను మాత్రం అలాగే ఉంచారు. చివరి వాక్యం "అప్పీలు పాక్షికంగా అనుమతించడమైనది". ఆ 1 లక్షా 39 వేలు కూడా మా చెట్ల కాయే. అయినా నేను చీటీ చూపలేకపోయిన చోట సభ్యులు గారు మరోలా రాయాలని ఆశించడం న్యాయం కాదనే అనుకుంటున్నాను.

ఉత్తర్వును అమలు చేయించడానికి మరో అయిదు నెలలు పట్టింది. అధికారికి నకలు జతచేసి రెండుసార్లు వినతిపత్రం ఇచ్చాను. కొత్త లెక్క ప్రకారం నేను కట్టవలసింది వడ్డీతో సుమారు 1 లక్షా 17 వేలని తేలింది. ముందే కట్టిన 3 లక్షల 15 వేలలో అది పోను, మిగిలినది సెక్షన్ 244ఎ వడ్డీతో జూన్ చివరి వారంలో బ్యాంకులో పడింది. భూమిపై పెట్టిన సెక్షన్ 271(1)(సి) జరిమానా చర్యలు ఆధారం లేక పడిపోయాయి. హైకోర్టుకు శాఖ వెళ్లడానికి పన్ను వివాదం 2 కోట్లు దాటాలని 2024 సెప్టెంబరు సర్క్యులర్ చెబుతున్నది కాబట్టి అటువైపు భయమూ లేదు. తక్‌పట్టీల అసలు చీటీలు సీఏ గారు తిరిగి ఇచ్చారు, నా భార్య వాటిని మళ్లీ ఆ డబ్బాలోనే పెట్టింది.